మైకులోకి వెళ్ళిన శోకం

మా ఆయన బ్రహ్మాజీ ఎడమ కనుబొమ్మ మీద మూడు కుట్ల మచ్చ ఉండేది. తెనాలిలో ఒక పెళ్ళిలో తగిలిన కుర్చీ దెబ్బ. తను కట్టిన పాటలో అమ్మాయి మేనమామ పేరు ముందొచ్చిందని అబ్బాయి తరపువాళ్ళు లేచారు. ప్లాస్టిక్ కుర్చీలు గాల్లోకి ఎగిరాయి. ఈయన గిటారును పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడట. చొక్కా నిండా రక్తంతో ఇంటికొచ్చి, "మొహం పోతే పోయింది గంగా, తీగలు మాత్రం భద్రంగా ఉన్నయ్యే" అని నవ్వాడు.

పాట ఆయనకు ఎప్పుడూ దెబ్బలే తెచ్చింది. పడవలో పాడితే చేపలు బెదిరిపోతాయని చిన్నప్పుడు వాళ్ళ నాన్న తడి తాడుతో కొట్టేవాడు. బాపట్ల బీచ్ దగ్గర హోటల్లో ఒక సాయంత్రం తాగినవాడొకడు సినిమా పాట పాడమని సీసా పగలగొట్టి మెడకు ఆనించాడు. "సొంతవే పాడతానండి, అవే వచ్చు" అన్నాడు ఈయన. మెడ మీద సన్నటి గీత పడింది. అయినా పాట పూర్తి చేసే వచ్చాడు.

రేపల్లె దిగువన ఉప్పుటేరు ఒడ్డున మా రేవు. ఆయన వేరేవాళ్ళ బోటు మీద వేటకు పోయేవాడు. వేట లేని రోజుల్లో గిటారు, స్పీకరు పెట్టె బండికి కట్టుకుని పాటకు పోయేవాడు. ఓణీల ఫంక్షన్లు, టిఫిన్ హోటల్ ప్రారంభాలు, పుట్టినరోజులు, ఏది పిలిచినా సరే. అన్నిటికంటే పేరు తెచ్చింది మాత్రం చావు పాట. మనిషి పోయిన పదకొండో రోజు పెద్దదినం భోజనాలప్పుడు, పోయినవాడి మీద కొత్త పాట కట్టి పాడేవాడు. ఒకరికి పాడింది ఇంకొకరికి పాడడు.

ఆ పాటలో సగం పని నాది. ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య మగాడు కూర్చోకూడదు. అందుకని నేను పోయి కూర్చునేదాన్ని. వాళ్ళు శోకాలు పెడుతుంటే విని, మాటలు మనసులో పెట్టుకుని, ఇంటికొచ్చి ఆయనకు చెప్పేదాన్ని. నేను ఐదో తరగతితో ఆపేశాను, రాసుకోవడం నిదానం. వింటే మాత్రం మరిచిపోను.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. శోకంలో అన్న మాట శోకంతోనే పోవాలి. అత్తను తిట్టనీ, మొగుడి గుట్టు బయటపెట్టనీ, కొంగుతో కళ్ళు తుడుచుకోగానే అది అనని మాటే. మర్నాడు ఎవరూ అడగరు. అందుకే నేను విన్నదంతా వడగట్టి, పాటలో పెట్టదగ్గదే ఆయనకు చెప్పేదాన్ని. పద్నాలుగేళ్ళు అలాగే చేశాను.

కోటయ్య పోయినప్పుడు వడగట్టలేదు.

కోటయ్య బోటు యజమాని. ఏట్లో శవమై తేలాడు. కాలు జారి పడ్డాడనీ, ఇంజనుకు తల కొట్టుకుందనీ, అదే ఇంట్లో ఉండే తమ్ముడు కిరీటి చెప్పాడు. అందరూ సరేనన్నారు. మూడో రోజు కోటయ్య భార్య దుర్గాదేవి గోడకు తల బాదుకుంటూ శోకం పెట్టింది. నుదురు చిట్లి రక్తం ముక్కు మీదికి కారుతోంది. "నీ తల పగలేసిన తెడ్డు నట్టింట్లోనే ఉందయ్యో, కొట్టిన చేతికే నేను కూడు పెడతన్నానయ్యో" అంది. చుట్టూ పాతికమందిమి విన్నాం. ఒక్కరు తల ఎత్తలేదు. గోడకు ఆనించి ఉన్న తెడ్డు వైపు నేను చూశాను. కొసకు నీలం రంగు వేసి ఉంది.

ఇంటికొచ్చి ఆ మాట ఆయనకు చెప్పాను. ఎందుకు చెప్పావంటే ఏం చెప్పను? మాట బాగుంది. గుండెలో గునపం దిగినట్టుంది. అంతకన్నా కారణం లేదు.

"అందరూ విన్నారా?" అన్నాడు.

"విన్నారు."

"అయితే అందరికీ తెలిసిందేగా. కొత్తగా నేను చెప్పేదేముంది?"

"తెలిసిందేలే" అని నేనూ అన్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గంజి వంచుతూ అన్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం షామియానా కింద రెండో బంతి తింటుండగా ఆయన పాట ఎత్తుకున్నాడు. కోటయ్య వల విసరడం, బీడీ తాగడం, దుర్గాదేవికి తెచ్చిన ఎర్ర గాజులు, అన్నీ వచ్చాయి. జనం "అయ్యో" అంటున్నారు. చివరికి ఆ మాట వచ్చింది.

*కొట్టిన చేతికే కూడు పెడతన్నానయ్యో*
*తెడ్డేమో నా ఇంటి గోడకే ఉందయ్యో*

శోకంలో పాతికమందిమి విన్న మాట మైకులో రేవంతా వింది. దుర్గాదేవి చేతిలోని గ్లాసు జారిపోయింది. కిరీటి విస్తరి ముందు నుంచి లేచాడు, చేతికి ఇంకా పప్పు అన్నం ఉంది. లోపలికి పోయి తెడ్డుతో వచ్చాడు.

"రేయ్, మళ్ళీ పాడరా! ఆ ముక్క మళ్ళీ పాడు!"

"పాటండి అది, కిరీటి బాబూ. వదినగారి మాటే..."

మొదటి దెబ్బకు గిటారు పగిలింది. ఈసారి దాన్ని పొట్ట కింద పెట్టుకునే టైం లేకపోయింది. రెండోది చేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు మైకులో వినిపించింది. మూడోది నోటి మీద. నాలుగోది తల మీద. నేను పోయి కిరీటి కాళ్ళు పట్టుకున్నాను. వాడు నన్ను గుండెల మీద తన్ని, ఇంకోటి కొట్టాడు. విస్తళ్ళ ముందు నూరుమంది ఉన్నారు. ఒకరు కూడా "ఆగరా" అనలేదు. స్పీకరు మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

గుంటూరు తీసుకుపోయాం. రెండో రోజు తెల్లారేసరికి ప్రాణం పోయింది.

శవాన్ని ఇంటి ముందు దించారు. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని, నేను శోకం మొదలుపెడతానేమోనని చూశారు. నేను పెట్టలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం తెరవలేదు.

"రాయి గుండె దీనిది" అంది ఒకామె. "పాటగాడి పెళ్ళానికి శోకమే రాలేదా?" అంది ఇంకొకామె.

సాయంత్రం కులపెద్ద దశరథరామయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "గంగరత్నం, జరిగిందేదో జరిగింది. షామియానా గుంజ మీద పడిందని మనవాళ్ళంతా ఒక మాట మీదున్నారు. నువ్వూ అదే చెప్పు. కడుపులో బాధ ఉంటే ఏడ్చెయ్యమ్మా. పేర్లు పెట్టి తిట్టు. ఎవరూ ఏమీ అనుకోరు."

"అనుకోరని తెలుసు బాబాయ్" అన్నాను. "అందుకే ఏడవలేదు."

పెద్దాయనకు అర్థమైంది. తుండుగుడ్డ దులుపుకుని లేచి పోయాడు.

నిప్పు పెట్టి వచ్చిన మర్నాడు రేపల్లె బస్సెక్కాను. మెట్టెక్కుతుంటే తన్నిన చోట పక్కటెముక కలుక్కుమంది. స్టేషన్లో ఎస్సై కుర్చీ చూపించాడు.

"గుంజ పడిందని చెప్తున్నారు కదమ్మా అందరూ?"

"లేదండి. కిరీటి కొట్టాడు. ఐదు దెబ్బలు. ఎక్కడెక్కడో చెప్తాను, రాసుకోండి."

ఒక్కో దెబ్బ చెప్పాను. ఆయన రాస్తూ నా మొహంలోకి చూశాడు. "ఏంటమ్మా, ఇంత ఘోరం చెప్తూ ఏడవట్లేదేంటి?"

"ఏడుస్తూ చెప్తే మావాళ్ళు లెక్కలోకి తీసుకోరండి. మీరూ తీసుకోరేమోనని."

రాసిన కాగితం చదివి సంతకం పెట్టమన్నాడు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. చాలాసేపు పట్టింది. బయట కానిస్టేబులు దగ్గాడు. ఒక చోట 'కర్రతో' అని ఉంది.

"కర్ర కాదండి, తెడ్డు. కొసకు నీలం రంగు. కోటయ్య ఇంట్లో నట్టింటి గోడకు ఉంటుంది. కోటయ్యను కొట్టిందీ దానితోనేనని కోటయ్య పెళ్ళాం నోటి వెంట విన్నాను. అదీ రాయండి."

ఎస్సై పెన్ను ఆగింది. "ఆవిడ వచ్చి చెప్తుందా?"

"తెలీదండి. నేను విన్నది నేను చెప్తన్నాను."

ఆయన 'కర్ర' కొట్టేసి, పైన 'తెడ్డు' అని రాశాడు. కోటయ్య సంగతి కూడా కింద రాశాడు. మళ్ళీ మొదటి నుంచి చదువుకుని సంతకం పెట్టాను.