ఓటేసిన పిల్లలకు జవాబు

నా ఫిర్యాదును బడిలో ఇంతవరకు ఎవరూ చెవిన పెట్టలేదు. తరగతి పిల్లలు ఓట్లేసి నా మనవరాలిని లీడరుగా ఎన్నుకుంటే, హెడ్మాస్టరు ఆ బ్యాడ్జిని ఫస్టు ర్యాంకు పిల్లకు పెట్టారు.

మదురై బస్సులో పక్కన కూర్చున్న ఒక టీచరమ్మకు ఆమె దిగే ఊరు వాడిపట్టి దాకా ఇదే చెప్పాను. అంతా విని ఆమె తన క్లాసు సంగతి ఎత్తింది.

"నా క్లాసులో పిల్లోళ్ళు ఒక వాయాడి పిల్లను ఎన్నుకున్నారయ్యా. నోరే మూయదు! నాకు ఇష్టమే లేదు. అయినా బ్యాడ్జి నేనే గుచ్చితిని. మార్చుంటే, ఓటంటే ఉత్త ఆటని దా నేర్చుకుందురు" అని నవ్వింది.

దిగబోతూ ఆగింది. "మీ పాప సంగతి ఉండనీండి. ఓటేసిన పిల్లోళ్ళకు ఎవరు జవాబు చెప్పినారు?"

అది నేను ఏ అర్జీలోనూ అడగలేదు. హెడ్మాస్టరు గారూ, ఇప్పుడు అడుగుతున్నాను. నాకు కాదు, ఆ తరగతి ముందు నిలబడి, వాళ్ళ ఓట్లు ఏమయ్యాయో వాళ్ళకు చెప్పండి.