సారమ్మ ఉప్పునీళ్లు

డోర్నకల్ దగ్గర పల్లెలో ఉండే సారమ్మ ఏటా విత్తనపు వడ్లను ఉప్పునీళ్లలో పోసి చూసుకుంటుంది. పుస్తకాల్లో సోడియం క్లోరైడ్ అని రాసేది ఆమెకు దొడ్డుప్పు. అది కరిగేకొద్దీ నీళ్లు బరువెక్కుతాయి. మామూలు నీళ్లలో మునిగే సగమే నిండిన గింజ కూడా వాటిలో పైకి తేలుతుంది, నిండు గింజే అడుగున కూర్చుంటుంది. ఉప్పు చాలిందో లేదో చెప్పేది కోడిగుడ్డు. అది రూపాయి బిళ్లంత మేర పైకి కనిపిస్తే చాలు. తర్వాత గింజల్ని మంచినీళ్లలో బాగా కడగాలి. లేకపోతే మామిడి ముక్కలోంచి ఊట లాగినట్టు మొలకలోంచీ నీరు లాగేస్తుంది ఉప్పు.

కొడుకు జయపాల్‌కు ఇదంతా చాదస్తం. పోయిన వానాకాలం పొలానికి మెడవిరుపు తెగులు తగిలి గింజ సరిగా నిండలేదు కదా, ఈసారి దుకాణం విత్తనం కొందామన్నాడు. సారమ్మ ఒప్పుకుంటుందా? అత్త చేతి నుంచి తన చేతికి వచ్చిన విత్తనం అది.

"గీ ఒక్కసారి సూడు నాయినా. మొలువకపోతే ఇగ నీ ఇష్టం, మల్ల అడగ" అంది.

జూన్‌లో రెండు దోసిళ్ల ఉప్పుకే గుడ్డు తేలింది. వడ్లు పోస్తే పైకొచ్చినవి పిడికెడు కూడా లేవు. సారమ్మ మురిసిపోయి చర్చి దగ్గర కూడా చెప్పుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దు మరి. తీరా నారుమడి చూస్తే బట్టతల.

"గిదేంది అవ్వా?" అన్నాడు జయపాల్.

ఆమె మొదటి గుడ్డు తీసిన బుట్టలోంచే ఇంకోటి తెచ్చి ఉప్పు లేని నీళ్లలో వేసింది. తేలింది. పాత గుడ్డులో గాలి చేరుతుంది, ఏ నీళ్లలోనైనా తేలుతుంది. ఆ రోజు తొందరలో అది చూసుకోలేదు. ఉప్పు చాలక సగమే నిండిన గింజలన్నీ మునిగి మంచివాటిలో కలిసిపోయాయి.

"గుడ్డు మోసం జేసింది గని, నా ఇత్తనం మంచిదే!" అంది, ప్రాణం లేచివచ్చి.

గుమ్మిలో మిగిలిన వడ్లు తీసింది. ఆ పొద్దున కోడి పెట్టిన గుడ్డుతో మళ్లీ ఉప్పు కలిపింది. ఉప్పు డబ్బా ఖాళీ అయితే గానీ గుడ్డు తేలలేదు. వడ్లు పోసింది. ముప్పాతిక మీదికే వచ్చాయి.

తప్పు గుడ్డుది కాదు, విత్తనానిదే. సారమ్మకు ఏడుపొచ్చింది, కొడుకు ముందే ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పో నాయినా, దుకాణంల తెచ్చుకో."

జయపాల్ బండి తీయలేదు. కూర్చుని, అడుగున మిగిలిన గింజల్ని మంచినీళ్లలో కడగడం మొదలుపెట్టాడు.

"తెస్త తియ్యి. ముందుగాల గివి యాడ సల్లుదమో చెప్పు."