“ఆమెను అడిగినావా?” అనే మా మేడమ్

మా మేడమ్ పోయారని మొన్న ఆదివారం కదిరి బస్టాండులో పాత స్నేహితురాలు చెప్పింది. ఆరు నెలలుగా నొప్పులతో అల్లాడిన మనిషి, చివరికి నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపు కంటే ముందు నా నోట “హమ్మయ్య” అని వచ్చింది. స్నేహితురాలు నన్ను వింతగా చూసింది. మేడమ్ అయితే నవ్వేవారు.

అనంతపురం కాలేజీలో ఆమె మాకు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. వానలు మొహం చాటేసిన ఒక ఏడాది, దిగులు పట్టిన ఆడవాళ్లకు మాత్రలు మేలు చేస్తాయా, మాటలు మేలు చేస్తాయా అని పరిశోధన మొదలుపెట్టి, మమ్మల్ని ఊళ్ల వెంట తిప్పారు. ఏ కులం వాళ్లింటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగి తాగేవారు. చెంబు కింద పెట్టాకే ప్రశ్నలు. అది చూసి ముక్కు విరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచడమెందుకు.

ధర్మవరంలో ఒక పట్టు నేసే ఇంటి కోడలి బిడ్డ పోయింది. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు, మాట లేదు. మా జాబితాలో ఉంటేనే ఆమెకు ఆసుపత్రి మాత్రలు ఉచితంగా అందేవి. ప్రతి గురువారం దర్గాకు పోతోందని తెలిసి, “వైద్యానికి సహకరించడం లేదు” అని రాసి పేరు కొట్టేశాను. పెద్ద శాస్త్రవేత్తనైపోయాననుకున్నాను.

మేడమ్ ఆ కాగితం చూశారు.

“ఆమెను అడిగినావా?”

“లేదు మేడమ్.”

“రోగం ఆమెది, బాగుపడాల్సింది ఆమె. మన కాగితం కాదు. పద, బస్సుకు పోదాం.”

తిట్టి ఉంటే నయంగా ఉండేది. ధర్మవరం చేరాక మేడమ్ ఆ కోడల్నే దర్గా సంగతి అడిగారు.

కోడలు మెల్లగా చెప్పింది. “మాత్ర మింగితే నిద్ర పడతాండాది మేడమ్. దర్గా కాడ కడుపారా ఏడుస్తాండా. ఈడ ఏడిస్తే ఇంటికి మంచిది కాదంటారు.”

“బాగైనానని నీకు ఎప్పుడనిపిస్తాదమ్మా?”

“మగ్గం కాడ కూర్చోనిస్తే. పిచ్చిదాని చేతికి పట్టు ఇయ్యకూడదంట.”

మా ప్రశ్నల్లో మగ్గం మాటే లేదు. మేడమ్ నా చేతిలో కాగితం తీసుకుని, అడుగున తనే ఒక గడి గీసి అది రాశారు. పేరు మళ్లీ ఎక్కించారు. ఆ నెల మాత్రలు ఆగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో వదల్లేదు మేడమ్. మగ్గం దగ్గరున్న అత్త పక్కన నేల మీదే కూర్చున్నారు. కోడల్ని కూర్చోనిమ్మని చెబుతారనుకున్నాను.

“మీకు బిడ్డలెవరన్నా పోయినారా అమ్మా?”

అత్త నేత ఆపకుండానే చెప్పింది. “ఇద్దరు.”

“అప్పుడేం చేసినారు?”

“ఏం చేస్తానమ్మా? నేసుకుంటా కూర్చున్నా.”

ఆ మాట అన్నాక ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి తల తిప్పకుండానే, “రామ్మా, కూర్చో” అని పక్కకు జరిగింది.

కోడలు మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి, అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరింది. నాలుగోసారికి పోగు తెగింది. ఆమె బిగుసుకుపోయింది. అత్త ముందుకు వంగి, తెగిన పోగు కొసలు వెతికి పట్టుకుని, వేళ్ల మధ్య నలిపి అతికి, “ఊఁ, కానీ” అంది.