పసుపు డబ్బాలో హాలి నోటు

మొన్న నిజామాబాద్‌లో మా తోడికోడలి ఇంటికి పోతే, దేవుడి పటాల పక్కన రెండు గాజు పలకల మధ్య ఒక పాత నోటు వేలాడుతోంది. చూడగానే నా కడుపు మండింది. అది నిజాం కాలపు హాలి పది రూపాయల నోటు. దాని తోబుట్టువు ఒకప్పుడు నా కొంగున ఉండేది.

మా మామ బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలి, వచ్చిన పైసల్లోంచి కోడళ్లిద్దరికీ చెరొక నోటు ఇచ్చాడు. దాని మీద రాజు మొహం లేదు. మెలికలు తిరిగిన ఉర్దూ రాత, చుట్టూ తీగెలు, ఓ పక్కన సన్నగా మరాఠీ, కన్నడం, తెలుగు. రెండో తరగతి దాటని నేను కూడబలుక్కుని ‘పది రూపాయలు’ అని చదివితే, బడి గడప తొక్కని ఆమె నోరు తెరుచుకుని విన్నది. కొన్నాళ్లకు హాలి పోతుంది, ఇక కల్దారే, అంటే ఇండియా రూపాయే నడుస్తుందన్నారు. ఏడు హాలికి ఆరు కల్దార్లు. నేను గడువులోపలే మార్చి, చేతికొచ్చిన ఎనిమిదిన్నరతో రాగి బిందె కొన్నాను. ఆమె మాత్రం పురుగు పట్టకుండా నోటును పసుపు డబ్బాలో పెట్టి ఊరుకుంది. "రోజూ పూజ చెయ్యక్కా, పిల్లలు పెడ్తది" అని ఏళ్ల తరబడి ఎగతాళి చేశాను.

ఇప్పుడు ఆ పసుపంటిన కాగితాన్ని చూడ్డానికి కాలేజీ సార్లు వస్తున్నారట. ఫోటోలు తీస్తున్నారట. పొదుపు నాది, పేరు ఆమెది.

"గడువు సంగతే మరిసిపోతివి గదక్కా," అన్నాను, ఆమె చిన్నబోవాలని.

"మరువలే సెల్లె. గంత ఉర్దూల మన తెలుగు గూడ ఉన్నదని నువ్వే గద సదివి సెప్పినవ్! ఇచ్చెయ్య మనసొప్పలే. అవునే, నీ బిందె ఏమాయె?"

అడుగు చిల్లుపడి పాతసామాన్ల వాడికి ఎప్పుడో పోయింది. ఆమె ఇచ్చిన చాయ్ ఊదుకున్నాను. ఆమె నోటు పటం దింపి నా ఒళ్లో పెట్టింది.

"ఇంకోపారి సదువు. నీ నోట ఇని ఎన్నేండ్లాయె!"

చదివాను. పటాన్ని వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు, ఇప్పటికీ మనసు అక్కడే ఉంది. కాలం జాగ్రత్తపరుల పక్షమని నమ్మి ఇంత దూరం వచ్చాను. అదేమో మనసు పడి ఉంచుకున్నవాళ్ల ఇంట్లోనే ఆగిపోయింది.