ఓబద్యా తాత కుండ ఓటు

మా తాత ఓబద్యా యాండిల్ ఆ రోజు నీళ్లు కాచకపోయి ఉంటే ఇంగ్లండు ఇప్పటికీ ప్రభువుల జేబులోనే ఉండేది. పాదిరిగారు ఈ మాట ఒప్పుకోరు. ఆయనకు చదువెక్కువ.

తాత ఇళ్లకు గడ్డికప్పులు వేసేవాడు. మా ఊళ్లో అప్పట్లో సొంత పొయ్యి మీద సొంత కుండ కాచుకునే ప్రతి మగవాడికీ ఓటుండేది. ఎన్నికలొస్తే అందరూ పొయ్యిలు వీధిలోకి తెచ్చి, లోకం చూసేలా కుండలు కాచేవారు. ఊరంతా పొగ, దగ్గు, ప్రజాస్వామ్యం.

ఓటు ఎవరికుండాలో మార్చే సంస్కరణ చట్టం కావాలా వద్దా అని ఎన్నిక వచ్చింది. చట్టం వద్దనే ప్రభువుగారి ఏజెంటు పిన్‌ఫోల్డ్ వచ్చి తాత కుండ మూత ఎత్తాడు.

"ఓబద్యా, ఇందులో ఉత్త నీళ్లేగా!"

"కుండ కాగాలన్నారు. కూర ఉండాలన్నారా, దొరగారూ?"

పిన్‌ఫోల్డ్ గొంతు తగ్గించాడు. "చూడు, ఆ చట్టం వస్తే నీ ఓటు నీతోనే సరి. నీ కొడుక్కి కుండ ఓటుండదు. మా మనిషికెయ్యి."

అతను వెళ్లాక నానమ్మ కెజయా కంగారు పడింది. "ఏమయ్యా, నిజమేమో! పిల్లాడి ఓటు పోతుందేమో!"

"పిన్‌ఫోల్డ్ నోట నిజమా? వాడు పేరడిగినా అబద్ధమే చెబుతాడే పిచ్చిదానా."

తాత నేరుగా వెళ్లి, అందరి ముందూ గొంతు చించుకుని సంస్కరణవాది పేరు చెప్పి ఓటేశాడు. చట్టం వచ్చింది. గంటలు మోగాయి. తాత తాగి, తాను వేసిన గడ్డికప్పు మీంచి తానే జారిపడ్డాడు.

తర్వాతి ఎన్నికకు మా నాన్న కొత్త కుండ కొని, దానికి మసి కూడా అంటించి, ఓటర్ల పేర్లు రాసే గుమాస్తా దగ్గరకు మోసుకెళ్లాడు.

"కుండ ఇంటికి పట్టుకెళ్లవయ్యా. ఇక ఏడాదికి పది పౌన్ల అద్దె పలికే ఇల్లుండాలి" అన్నాడు గుమాస్తా. మా ఇంటికి మూడు పౌన్లు పలికితే గొప్ప. తాతకు మాత్రం, పాత ఓటరు కాబట్టి, బతికున్నంతకాలం ఓటుంచారు. అంటే పిన్‌ఫోల్డ్ జన్మకొక్క నిజం చెప్పాడు. అది కాస్తా మా తాతతోనే చెప్పాడు.

నిన్న ఇదంతా తాతకు చదివి వినిపించి, "నీ కుండతో నా ఓటు ఉడకబెట్టేశావు కదా తాతా!" అన్నాను.

తాత పైపు నోట్లోంచి తీశాడు.

"ముప్పయ్యేళ్లొచ్చినా మీ అమ్మ వండితే తింటున్నావు. నీకు కుండెక్కడిదిరా?"