ఆఖరి వరుసలో అమ్మ పేరు

మొన్న మా మనవరాలు తన ప్రాజెక్టు రిపోర్టు ఫోనులో పంపి, రెండో పేజీ తప్పకుండా చూడమని మరీమరీ చెప్పింది. కళ్లజోడు సవరించుకుని చూద్దును కదా, కృతజ్ఞతల పేజీలో వాళ్లమ్మానాన్నల తర్వాత నా పేరు, నా తర్వాత వాళ్ల కుక్కపిల్ల పేరు ఉన్నాయి. కుక్కపిల్ల కంటే ముందు చోటు దొరికినందుకు నవ్వొచ్చింది కానీ, ఆ నవ్వు పూర్తికాకముందే కళ్లు నిండాయి. మర్నాడు పొద్దున్నే మల్కాజ్‌గిరిలో ఆటో ఎక్కి, రిటైరయ్యాక ఏనాడూ ఎక్కని యూనివర్సిటీ లైబ్రరీ మెట్లు మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. నా థీసిసు ఒకసారి చూసుకోవాలనిపించింది.

మా అమ్మ యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. నాన్న పోయాక ఆయన పనిచేసిన చోటే ఆ ఉద్యోగం ఇచ్చారు. మాకు తోడుగా ఉండి వెళతానని కడప వైపు నుంచి వచ్చిన మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, తార్నాకలో మా రెండు గదుల వాటాలోనే ఉండిపోయింది. ఒక్క జీతంతో గడవక అమ్మ సాయంత్రాలు పరిశోధక విద్యార్థుల థీసిసులు ఇంట్లో టైపు చేసేది. నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, తెల్లకాగితాల మధ్య కార్బన్లు పెట్టి కొడితే నాలుగు ప్రతులు ఒక్కసారే వచ్చేవి, ఒక్క అక్షరం తప్పుపడితే నాలుగింటిలోనూ దిద్దుకోవాల్సి వచ్చేది. కార్బన్లు సర్దే పని అవ్వది. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు, అందుకని ఏనాడూ పేజీల వరుస తప్పనిచ్చేది కాదు. సంగటి కెలికే ఆ చేతులకు ఎంత కడిగినా కార్బను నీలం వదిలేది కాదు.

అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కృతజ్ఞతల పేజీలో గైడుగారితో మొదలుపెట్టి, శాఖాధిపతి, లైబ్రరీవాళ్లు, హాస్టలు స్నేహితులు అందరూ అయ్యాక, ఆఖరి వరుసలో చక్కగా టైపు చేసిపెట్టినవారి పేరు వేసేవారు. అలా అమ్మ పేరు అమ్మే టైపు చేసుకునేది. థీసిసు పూర్తయిన ప్రతిసారీ అవ్వ ఎదురుగా కూర్చుని, "మన పేరు ఏడుండాదో ఆడ సదువు" అనేది. అమ్మ ఆ ఇంగ్లీషు పేజీని తెలుగులో చదివి చెబుతుంటే, ఆఖరి వరుస వచ్చేదాకా తల ఊపుతూ వినేది. పేరు అమ్మదే అయినా అవ్వ లెక్కలో అది ఇద్దరిదీ.

తర్వాత నేనూ పిహెచ్‌డి చేశాను. నా థీసిసుకు అమ్మ ఆఫీసుకు సెలవు పెట్టి, మిషనుకు కొత్త రిబ్బను వేసి కూర్చుంది. అన్నిటికన్నా చివర నేను రాసిచ్చిన కృతజ్ఞతల పేజీలో అందరూ ఉన్నారు, ఆఖరి వరుస ఒక్కటే లేదు. తొందరలో మర్చిపోయానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఆ పేరు వేస్తే, మా గైడుగారి ఉత్తరాలు టైపు చేసే ఆవిడే నా తల్లని తోటివాళ్లకు తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. అమ్మ క్యాంపస్‌లో ఎదురుపడితే పుస్తకంలో తలదూర్చుకుని పోయేదాన్ని, ఇంక దాచడమెందుకు.

అమ్మ ఆ పేజీ ఉన్నదున్నట్టు కొట్టింది. అవ్వ ఊరుకుంటుందా! "ఇంగ సదువు, మన పాప మనల్ని గురించి ఏం రాసిండాదో" అని పీట వాల్చుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర ప్రతులు సంచిలో సర్దుకుంటున్నాను. అమ్మ గైడుగారి నుంచి వరుసగా చదువుకుంటూ హాస్టలు స్నేహితుల దాకా వచ్చి, గొంతు ఏమాత్రం మార్చకుండా, కాగితం మీద లేని ఒక వాక్యం చదివింది. అందులో అమ్మ ఉంది, అవ్వ కూడా ఉంది. అవ్వ లేచి వచ్చి నీలం వేళ్లతో నా బుగ్గలు పుణికి, "సల్లగా ఉండు తల్లీ" అని మెటికలు విరిచింది. నేను అమ్మ వైపు చూడలేక చెప్పులేసుకుని బయటపడ్డాను.

మా వీధి చివర బైండింగు చేసే పెద్దాయన నా తొందర చూసి, "కుట్టిన్నంటే మల్ల విప్పుడు కాదమ్మా, ఏమన్న పేజీ మార్చేదుంటే గిప్పుడే చెప్పు" అన్నాడు. ఇల్లు అడుగు దూరం, అరగంట పని. నేను మాత్రం ఏమీ లేదు, కుట్టేయమన్నాను.

లైబ్రరీలో ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. కార్బను ప్రతి, అక్షరాలు వెలిసిపోయాయి. కృతజ్ఞతల పేజీ మూల నీలంగా వేలిముద్ర ఒకటి ఉంది, అది అవ్వది కాక ఇంకెవరిది! ఆ ఏళ్లవే పక్క పుస్తకాలు రెండు మూడు తీయించి చూస్తే, వాటిలో ఆఖరి వరుసలో అమ్మ పేరు నిక్షేపంగా ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల పుస్తకాల్లో ఉన్న మా అమ్మ, కన్నకూతురి పుస్తకంలో లేదు.

ఇప్పటి పిల్లలకు ఇంటివాళ్ల పేర్లు రాయడానికి సిగ్గులేదు, చూస్తే ముచ్చటేస్తుంది, వాళ్లకు రాసింది దిద్దుకోవడం కూడా క్షణం పని. అవ్వ తన పేరు పుస్తకంలో ఉందన్న నమ్మకంతోనే పోయింది. అమ్మ ఆ తర్వాత పాతికేళ్లు నాతోనే ఉంది, ఆ మాట ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు.

లైబ్రరీ పుస్తకంలో రాయకూడదని తెలిసీ, అమ్మ ఆనాడు చదివిన వాక్యాన్ని ఆ ఖాళీలో రాద్దామని పెన్ను తీశాను. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఎప్పుడు బయటపడదామా అన్న తొందరలో దాన్ని సగమే విన్నాను. నా థీసిసు మొత్తానికి ఉండాల్సిన వాక్యం అదొక్కటే, దాన్నిప్పుడు చెప్పగలిగినవాళ్లెవరూ లేరు.