మూత మీద పసుపు

నా చిన్నప్పుడు నాకు కుళ్లు ఎక్కువ. ఇది ఇప్పుడు నేను కనిపెట్టింది కాదు, మా అమ్మ రోజూ అన్న మాటే. ఆ కుళ్లంతా ఒక్క మనిషి మీదే ఉండేది. ఆమె మా పక్కింటి అక్క. అక్కకి పద్నాలుగేళ్లు, నాకు తొమ్మిది. మా తాతయ్య పడవ ఇంజను మీద చెయ్యి వేసే చనువు అక్కకి ఉంది, సొంత మనవరాలినైన నాకు లేదు. అంతకు మించి నాకు వేరే కారణం అక్కర్లేదు.

మాది అచ్చంపేట దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. తాతయ్య తన ఇంజను పడవలో మనుషుల్ని, సైకిళ్లని, మిరపకాయ బస్తాల్ని అవతలి ఒడ్డుకి చేరవేసేవాడు. ఆ ఏడు అవతలి ఒడ్డు వాళ్లు కొత్త పడవ దించారు. మేము సగం ఏరు దాటేసరికి అది ఒడ్డు చేరిపోయేది. కుళ్లు నా ఒక్కదానికే అనుకునేదాన్ని గానీ, ఆ పడవ మా పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా తాతయ్య నోట్లో చుట్టని కసుక్కున కొరికేవాడు. నెల తిరక్కుండా నరసరావుపేట పోయి, పాతదానికి రెండింతల బలమున్న ఇంజను తెచ్చి పడవకి బిగించాడు.

కొత్త ఇంజను ఒడ్డున బాగానే మోగేది. ఏట్లోకి పోయి ఫుల్లుగా రేజ్ చేస్తే మాత్రం కాసేపు ఉరికి, దగ్గి, నీరసపడేది. తగ్గిస్తే మళ్లీ మామూలే. మేస్త్రీ వచ్చి రెండు రోజులు విప్పి బిగించాడు, ఏమీ తేలలేదు. అక్క రేవులో బట్టలు ఉతుకుతూ వారం రోజులు ఆ చప్పుడు విన్నది. ఒకరోజు తడి చేతులతోనే పడవ దగ్గరికి వచ్చి చెప్పింది.

"దానికి జబ్బేం లేదు తాతా. ఆకలేస్తంది, అంతే."

తాతయ్య నవ్వలేదు. అక్క చెప్పినట్టే పెద్ద సీసా నిండా డీజిల్ పోసి, ఇంజనుకన్నా ఎత్తులో తాడుతో వేలాడగట్టి, ట్యాంకుతో పని లేకుండా ఆ సీసా నుంచే లావు గొట్టంతో ఇంజనుకి పట్టించాడు. సీసాలో డీజిల్ ఉన్నంతసేపూ ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. ఇంజనులో లోపం లేదని, ట్యాంకు నుంచి వచ్చే పాత సన్న గొట్టమే ఇంత పెద్ద ఇంజనుకి చాలడం లేదని దాంతో తేలిపోయింది. తాతయ్య లావు గొట్టం, పెద్ద ఫిల్టరు కొనుక్కొచ్చాడు. వాటిని బిగించింది అక్కే. ఆ పానా అక్క చేతిలోంచి జారి ఏట్లో పడాలని గట్టు మీద నిలబడి దేవుడికి మొక్కుకున్నాను. పడలేదు.

ఇదంతా అక్క వాళ్ల నాన్నకి నచ్చలేదు. ఆయన రాళ్ల క్వారీలో పనిచేసేవాడు, మాట కటువు. ఆడపిల్లకి ఇంజన్లతో పనేందని మా ఇంటి ముందు నిలబడి అడిగాడు. దసరానాడు రెండు ఒడ్ల పడవలకీ పందెం పెట్టారు పెద్దలు. అవతలి ఒడ్డు తాకి, తిరిగి మా రేవుకి రావాలి. ఆ పందెంలో పడవ ఆగిపోయి నలుగురూ నవ్వితే, ఆ రోజుతో కూతురు ఇంజను ముట్టుకోవడం బందని ఆయన తేల్చి చెప్పాడు. అక్క తల వంచుకుని విన్నది. నాకు లోపల ఎక్కడో సంతోషమేసింది, అబద్ధమెందుకు.

పందేనికి ముందురోజు ఆయుధ పూజ. ప్రతి ఏడూ ఇంజనుకి పసుపు రాసి బొట్టు పెట్టేది నేనే. ఆ ఏడు తాతయ్య పసుపు గిన్నె అక్క చేతికిచ్చి, నన్ను కొబ్బరికాయ పట్టుకోమన్నాడు. నా కడుపు మండిపోయింది. అందరూ భోజనాలకి పోయాక మిగిలిన పసుపు తీసుకుని పడవ ఎక్కాను. డీజిల్ ట్యాంకు మూత జిడ్డుగా ఉండి పసుపు అంటుకోలేదు. నైవేద్యం అన్నం నాలుగు మెతుకులు మెదిపి పసుపులో కలిపితే గట్టిగా పట్టింది. మూతంతా మందంగా మెత్తి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాను. అక్క పెట్టిన బొట్లన్నిటికన్నా నాదే పెద్దది. ఇంటికి పోయి పులిహోర రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

పందెం రోజు ట్యాంకు మూత దాకా డీజిల్ నింపారు. పడవలో తాతయ్య, అక్క, నేను. అవతలి ఒడ్డు మేమే ముందు తాకాం. తిరిగి వస్తుంటే ఏటి నడుమ ఇంజను పాత దగ్గే దగ్గి ఆగిపోయింది. అవతలి వాళ్లు ఈలలు వేసుకుంటూ మమ్మల్ని దాటిపోయారు. గెడలు వేసుకుంటూ రేవు చేరేసరికి అక్క వాళ్ల నాన్న నీళ్లలోకే దిగి నిలబడి ఉన్నాడు.

అక్క ఆయన వంక చూడలేదు. గొట్టం ఊడదీసి పట్టుకుంది. నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. కాసేపు ఆలోచించి ట్యాంకు మూత తిప్పింది. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది, గొట్టంలోంచి డీజిల్ ధారగా పడింది. మూత నడుమ సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి పోవాలి. ఆ రంధ్రం నిండా అన్నం, పసుపు గట్టిపడి ఉన్నాయి.

"పసుపు పూసింది నువ్వే కదే," అన్నాడు వాళ్ల నాన్న. "ఇక చాలు, పద ఇంటికి."

అక్క చేతిలోని గొట్టం కింద పెట్టేసింది. పసుపు పూసింది తనే కదా, మూత మీద కూడా పడిందేమో అనుకుని ఉంటుంది. తాతయ్య మాత్రం మూతని ఎండకి తిప్పి, దాని మీద ఎండిపోయిన చిన్న వేళ్ల గుర్తులు చూశాడు. తర్వాత నా వేళ్లు చూశాడు. నా గౌను భుజానికి పెట్టిన పిన్నీసు తీసి, మూతతో పాటు నా చేతిలో పెట్టి, ఆ రంధ్రం నన్నే శుభ్రం చేయమన్నాడు. నేను గీకుతుంటే నెమ్మదిగా అన్నాడు.

"మూసుకుని కూర్చుంటే లోపలున్నది బయటికి రాదే. ఎంత పెద్ద ఇంజనైనా ఆగిపోద్ది."

నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏడ్చి, కాదని బొంకేదాన్ని. వాళ్ల నాన్న అప్పటికే అక్క చెయ్యి పట్టుకుని గట్టెక్కుతున్నాడు.

"మూతకి పెట్టింది నేను," అన్నాను. "అక్కకి గిన్నె ఇచ్చారని కుళ్లొచ్చింది."

అక్క చెయ్యి విడిపించుకుని వెనక్కి వచ్చింది. కొడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. మూత తీసుకుని గోటితో గీరి చూసింది.

"అన్నం ఎందుక్కలిపావే?"

"పసుపు అంటుకోవట్లేదని."

"చానా బాగా అంటింది," అని, నా చేతిలో పిన్నీసు లాక్కుని మిగతాది తనే గీకింది.

పందెం పోయింది. తాతయ్య ఆ సాయంత్రం రెండు చుట్టలు కొరికాడు. తప్పు అక్కది కాదని విన్న వాళ్ల నాన్న ఒక్కడే ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున్నే అక్క పడవ దగ్గరికి వచ్చింది, ఎవరూ ఆపలేదు. ఆ రోజు నుంచి ట్యాంకు మూత తుడిచే పని నాకు అప్పగించింది. మూత నాది, గొట్టం తనది. గొట్టం కూడా నాదైతే బాగుండునని నాకు ఇంకో రెండేళ్లు ఉండేది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. నా గాజులకి ఎప్పుడూ ఒక పిన్నీసు వేలాడుతుంటుంది. దసరాకి పిల్లలు బండ్లకి పసుపు పూశాక, ట్రాక్టరు ట్యాంకు మూత రంధ్రం పిన్నీసుతో పొడిచి చూస్తాను. వాళ్లు నవ్వుతారు. కుళ్లు మాత్రం పోలేదు. మొన్న కూడా భోజనాల బంతిలో అందరూ మా తోడికోడలి గోంగూర పచ్చడిని మెచ్చుకుంటుంటే, నా విస్తట్లో అన్నం నాకు చేదుగా తోచింది. చెయ్యి గాజుల మీదికి పోయింది.

"నీ పచ్చడి నాదానికన్నా బాగుంది, నాకు కుళ్లుగా ఉంది," అన్నాను ఆమెతో, అందరి ముందూ. ఆమె తెల్లబోయి చూసి, పకపకా నవ్వి, నా విస్తట్లో ఇంకో గరిటె పచ్చడి వేసింది. తిన్నాను, నిజంగానే బాగుంది.